ముప్పై ఏళ్ళ ఫ్లాటే కొను అల్లుడూ

మా అక్క కొడుకు జపాన్‌లో, యోకొహామాలో ఉద్యోగం చేస్తున్నాడు. నాలుగు రాళ్ళు వెనకేశాడు. మొన్న ఫోన్ చేసి, "మామా, ఇక్కడ 1978లో కట్టిన మాన్షన్‌లో ఒక ఫ్లాటు చవగ్గా వస్తోంది. కొని బాడుగకు ఇద్దామనుకుంటున్నా. ఏమంటావు?" అన్నాడు. మాన్షన్ అనేసరికి వీడేదో రాజభవనం బేరమాడుతున్నాడనుకున్నా. కాదంట. జపాన్‌లో కాంక్రీటు అపార్ట్‌మెంటును మాన్షన్ అంటారంట. మనకు మాన్షన్ అంటే మద్రాసు ట్రిప్లికేన్‌లో పెళ్ళికాని కుర్రాళ్ళు తువ్వాళ్ళు ఆరేసుకునే లాడ్జి.

"నెల్లూరు ఉండగా జపాన్ ఎందుకురా?" అన్నాను. ఈ విషయంలో నాకు మాట్లాడే హక్కు ఉంది. నాకు రెండు పాత ఫ్లాట్లున్నాయి. ఒకటి పొగతోటలో, 1994 నాటిది. రెండోది ముత్తుకూరు దగ్గర, 2009 నాటిది. రెండూ పెట్టుబడి కింద కొన్నవే. వాడికి అరగంట పాటు ఫోన్‌లో ఉపదేశం చేస్తుంటే వంటింట్లోంచి మా ఆవిడ, "అదేదో రాసిపెట్టరాదా, నలుగురూ బాగుపడతారు" అంది. అది మెచ్చుకోలో వెటకారమో ఇప్పటికీ తేల్చుకోలేదు గానీ, రాయడం మాత్రం మొదలుపెట్టాను.

ముందు ఫ్లాటు ఏ నెలలో చూడాలో చెప్తాను. రోహిణి కార్తెలో చూడాలి. మన నెల్లూరుకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఏ శ్లాబు ఎక్కడ కారుతుందో, ఏ గోడకు ఎంత ఎత్తున చెమ్మ ఎక్కుతుందో మొత్తం బయటపడిపోతుంది. ఆ మూడు నెలల్లో ఫ్లాటు చూడటమంటే పెళ్ళికూతుర్ని టైఫాయిడ్‌లో చూసినట్టు. మే నెలాఖరున వెళ్ళు. గోడలు కణకణలాడుతూ, నిన్న సాయంత్రం కొట్టిన డిస్టెంపరు వాసనతో స్వాగతం చెబుతాయి. వాచ్‌మన్‌తో మాటలు పెట్టుకోవద్దు. 2021 నవంబరులో సోమశిల నుంచి వదిలిన నీళ్ళకు పెన్న పోటెత్తి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే దెబ్బతిన్నాయి కదా, ఆ రాత్రి ఈ వీధిలో నీళ్ళు ఎందాకా వచ్చాయో వాచ్‌మన్ మోకాలి మీద చెయ్యి పెట్టి చూపించేస్తాడు. అమ్మేవాడు అందుకు వాడికి జీతం ఇవ్వడం లేదు.

లోపలికి పోగానే తల పైకెత్తి హాలు ఫాల్స్ సీలింగ్ చూడు. నా పొగతోట ఫ్లాటులో సీలింగుకు తామరపువ్వు, దాని చుట్టూ నీలం లైట్లు. ఆ పువ్వు చూసే లక్ష ఎక్కువ ఇచ్చాను. దాని వెనక శ్లాబు ఎట్లా ఉందో తెలియాలంటే పువ్వు పీకాలి. పీకితే లక్ష పోయినట్టే కదా! అందుకని పీకలేదు. కింద పార్కింగ్‌లోకి మాత్రం పొరపాటున కూడా వెళ్ళొద్దు. అక్కడ ఎవరూ ఫాల్స్ సీలింగ్ వెయ్యరు. దూలాలు, స్తంభాల మొదళ్ళు, బాల్కనీల అడుగులు, బాత్రూము పైపులు దిగే చోట్లు, అన్నీ ఉన్నదున్నట్టు కనపడతాయి. ఉన్నదున్నట్టు చూసి ఆస్తి కొన్నవాణ్ణి నేను ఎరగను.

పెచ్చులూడటం గురించి జనం ఊరికే బెదిరిపోతారు. ముత్తుకూరు ఫ్లాటులో వంటింటి సజ్జ కింద పెచ్చు ఊడి చపాతీల డబ్బాలో పడినప్పుడు ఒక ఇంజినీరు కుర్రాణ్ణి పిలిపించాను. వాడు చెప్పింది ఇది. సిమెంటుకు క్షారగుణం ఉంటుంది. దానివల్ల లోపలి కమ్మీ చుట్టూ కంటికి ఆననంత పల్చటి పొర ఏర్పడి తుప్పు రాకుండా కాపాడుతుంది. ఉప్పులోని క్లోరైడు ఆ పొరకు చిల్లులు పెడుతుంది. ఇక కమ్మీ తుప్పు పట్టడం మొదలవుతుంది. తుప్పుకు అసలు ఇనుము కన్నా రెండింతలకు పైగా చోటు కావాలి. ఆ చోటు లేక కాంక్రీటును లోపలి నుంచి నెట్టుకొస్తుంది. మనకు కనిపించే పగులు, పెచ్చు అదే.

"అంటే ఇనుము పెరుగుతోందన్నమాట!" అన్నాను. కుర్రాడు నా వంక అదోలా చూశాడు. బీరువాలో పెట్టిన బంగారం పదేళ్ళ తర్వాతా అన్నే గ్రాములు. లోపల ఇనుము పెరిగే ఆస్తి నాకు ఒక్కడికే దొరికింది.

వాడు అక్కడితో ఆగలేదు. ఐఎస్ 456 అని కాంక్రీటుకు ఒక కోడ్ ఉందంట. ఇబ్బంది లేని ఊళ్ళలో కమ్మీ మీద 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉంటే చాలు, సముద్రపు వాతావరణం తగిలే చోట 45 ఉండాలి, కాంక్రీటు కూడా ఎం20 కాదు, ఎం30 వాడాలి అని అందులో ఉందంట. కలిపే నీళ్ళలో లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటి క్లోరైడు ఉండకూడదంట. మా ముత్తుకూరు బిల్డరు అక్కడికక్కడే బోరు వేసి ఆ నీళ్ళతోనే స్తంభాలు లేపాడు. ఆ బోరు ఇప్పటికీ ఉంది. దాని నీళ్ళతో పప్పు ఉడకబెడితే ఉప్పు వేరే వెయ్యక్కర్లేదు. అంత ఆదా. అందుకే పదిహేనేళ్ళు దాటిన ముత్తుకూరు బిల్డింగు ముప్పై దాటిన పొగతోట బిల్డింగుకు తండ్రిలా కనిపిస్తుంది. పాత ఫ్లాటు వయసు దస్తావేజులో తేదీని బట్టి చూస్తే సరిపోతుంది, నీళ్ళు నాలిక మీద వేసుకొని చూడాల్సిన పనేముంది?

కుర్రాడు పోతూ పోతూ చిన్న సుత్తితో స్తంభాలు తట్టాడు. ఖణేల్‌మంటే గట్టిగా ఉన్నట్టు, డొల్లగా మోగితే లోపల విడిపోయినట్టు. కొనేముందు నువ్వు అట్లా సుత్తి పట్టుకెళ్ళకు అల్లుడూ. అమ్మేవాళ్ళు నొచ్చుకుంటారు.

ఇక అంకణాల సంగతి. నువ్వు చిన్నప్పుడే ఊరు వదిలావు కాబట్టి గుర్తు చేస్తున్నా, నెల్లూరులో స్థలానికి అంకణమే కొలత. మన అంకణం 72 చదరపుటడుగులు, ఎనిమిది గజాలు. తిరుపతి పోతే అదే అంకణం 36 అడుగులకు చిక్కిపోతుంది. ఫ్లాటు దస్తావేజులో 'స్థలంలో అవిభాజ్య వాటా ఇన్ని గజాలు' అని ఒక వాక్యం ఉంటుంది. పాతకాలం వాళ్ళు అక్కడికి రాగానే కళ్ళద్దాలు తుడుచుకుంటారు. గోడల విలువ ఏటికేడు తరుగుతుంది, మట్టి విలువే పెరుగుతుంది, కాబట్టి ముప్పై ఏళ్ళ ఫ్లాటు కొనడమంటే ఆ నాలుగు అంకణాలు కొనడమే అని వాళ్ళ చాదస్తం. నేను ఆ వాక్యం చదవలేదు. తర్వాత తెలిసింది, నాకు వచ్చింది 22 గజాలని. మూడు అంకణాలు కూడా లేదు. ఒక మంచం, ఒక బీరువా, కాస్త దిగులు పట్టేంత చోటు.

మా అసోసియేషన్ మీటింగులో ఒకసారి రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన అందరి దస్తావేజులూ తెప్పించి వాటాలు కూడాడు. స్థలం 480 గజాలు. వాటాలు కూడితే 540. ఒక్కరూ మాట్లాడలేదు. ప్లానులో పదహారు ఫ్లాట్లే, ఉన్నవి పద్దెనిమిది. మేడ మీద లేచిన రెండు ఫ్లాట్లకు కూడా బిల్డరు ఉదారంగా భూమి రాసిచ్చాడు. అందరూ తలలు పట్టుకున్నారు గానీ నాకు లోలోపల ఆనందమేసింది. ముత్తుకూరులో ఇనుము పెరిగింది, పొగతోటలో ఏకంగా నేలే పెరిగింది. మేడ మీదివి అక్రమమని ఎవరన్నా భయపెడితే లెక్కచెయ్యకు. ప్లానులో లేని కట్టడాలకు అపరాధ రుసుం కట్టించుకొని క్రమబద్ధం చేసే పథకం 2007 చివర్లో వచ్చింది, 2015లో మళ్ళీ వచ్చింది. మేమూ ఎప్పుడో ఒకప్పుడు అందులో కడదామని ఏళ్ళ తరబడి తీర్మానాలు చేస్తున్నాం.

ఆ బిల్డరు మంచివాడే, పాపం. 1993, 94ల్లో టైగర్ రొయ్య బంగారమై పండినప్పుడు ఆ డబ్బుతో అపార్ట్‌మెంటు మొదలుపెట్టాడు. ఆ వెంటనే చెరువుల్లో తెల్లమచ్చ రోగం వచ్చి రొయ్య తేలిపోయింది, బిల్డరు మునిగిపోయాడు. లిఫ్టుకు గుంత తవ్వి వదిలేశాడు. లిఫ్టు మేము తర్వాత చందాలతో పెట్టించుకున్నాం. కనక ఇంకో చిట్కా. నెల్లూరులో ఫ్లాటు రేటు తెలియాలంటే రియల్ ఎస్టేటు బ్రోకర్ని కాదు, రొయ్యల కౌంటు ధర అడగాలి. ధర లేచినప్పుడు ఊళ్ళో అందరూ ఫ్లాట్లు కొంటారు, పడినప్పుడు అందరూ అమ్ముతారు. అమెరికా 2025 ఆగస్టులో మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు నాకు తెలిసిన వీధిలోనే మూడు బోర్డులు వేలాడాయి. నువ్వు మాత్రం ధర లేచినప్పుడే కొను. పదిమందితో పాటు కొనడంలో ఉన్న ధైర్యం చవగ్గా కొనడంలో ఎక్కడిది?

కాగితాల దగ్గర ఎక్కువ కాలం పెట్టొద్దు. మా బిల్డింగు రెరా చట్టం రాకముందు, 2016 కన్నా ఇరవై రెండేళ్ళు ముందు కట్టింది, కాబట్టి రెరా బాధే లేదు. ఎవరికి ఫిర్యాదు చెయ్యాలో తెలియకపోతే ఫిర్యాదులే ఉండవు. ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే ఈసీ ఇప్పుడు ఇంట్లో కూర్చొనే ఆన్‌లైన్‌లో 1983 నుంచి చూసుకోవచ్చు. ఫ్లాటు నంబరుకు మాత్రమే తీయించు, బిల్డింగు కింద ఉన్న స్థలానికి తీయించకు. తీయిస్తే ఎప్పటిదో తాకట్టు ఒకటి నిద్ర లేస్తుంది, దానికి సమాధానం చెప్పేవాడు నిద్రలేవడు.

రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర, ఫీజు ఒకటి, మొత్తం ఏడున్నర. ఇది ఎగ్గొట్టడానికి కొందరు జీపీఏ అనే అధికారపత్రం రాయించుకొని ఊరుకుంటారు. జీపీఏ, అగ్రిమెంటు, వీలునామా మూడూ చేతిలో ఉన్నా ఆస్తి నీది కాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సుప్రీంకోర్టు ఢిల్లీలో ఉంది, ఫ్లాటు నెల్లూరులో ఉంది అని మా బ్రోకరు అనేవాడు. నేను మరీ అంత తెగించలేదు. 28 లక్షలకు కొని దస్తావేజులో 18 అని రాయించాను. పది లక్షలు నగదు, కట్టలు కట్టి స్వీట్ల డబ్బాలో. ఏడున్నర శాతం లెక్కన 75 వేలు మిగిలాయి. ఆ రాత్రి బిరియానీ తెప్పించాను. అమ్మేటప్పుడు మాత్రం నా కొన్న ధర 18 లక్షలే. ఆ పది లక్షలు కూడా లాభం కిందే పడి, పన్నెండున్నర శాతం లెక్కన లక్షా పాతిక వేలు పన్ను. 75 వేలు మిగుల్చుకోవడానికి లక్షా పాతిక వేలు ఖర్చవుతుందని ఆడిటరు చెప్పినప్పుడు బిరియానీ ఖర్చు కూడా కలుపుకోమన్నాను. ఇరవై వేలు, ఆపైన నగదు పుచ్చుకుంటే పుచ్చుకున్నంతా జరిమానా పడుతుందని కూడా ఆయన అన్నాడు. నాకు అమ్మినాయనకు ఆ సంగతి చెప్పలేదు. పెద్దాయన, బీపీ ఉంది.

అమ్మేవాడు డాలస్‌లో ఉన్నాడనుకో, ఇంకా సుఖం. మామూలుగా యాభై లక్షలు, ఆపైన ఉన్న ఆస్తి కొంటే కొనేవాడు ఒక శాతం టీడీఎస్ కొయ్యాలి. అమ్మేవాడు ప్రవాసి అయితే యాభై లక్షల గీత లేదు, కోత కూడా ఒక శాతంతో పోదు. కొయ్యడం మరిచిపోతే ఆ డబ్బు నీ దగ్గర వసూలు చేస్తారు. నువ్వెట్లాగూ మరిచిపోతావు, నాకు నమ్మకముంది.

జపాన్ వాళ్ళ పిరికితనం గురించి కూడా చెప్పాలి. మా అల్లుడు చూసిన మాన్షన్ ఎందుకు చవకంటే, 1978లో మియాగి దగ్గర భూకంపం వచ్చాక ఆ అనుభవంతో కొత్త నిబంధనలు 1981 జూన్ నుంచి పెట్టారు. అంతకు ముందు కట్టినవాటిని చూసి జనం వెనకడుగు వేస్తారు. కాంక్రీటు ఇంటికి పన్ను లెక్కల్లో 47 ఏళ్ళ ఆయుష్షు రాసిపెట్టారు. ప్రతి మాన్షన్‌లో ఫ్లాటు ఉన్నవాళ్ళు నెలనెలా మరమ్మతు నిధికి డబ్బు కడతారంట. ఏ ఏడు రంగులు, ఏ ఏడు పైపులు, ఏ ఏడు లిఫ్టు అని దశాబ్దాల ముందే పట్టిక వేసుకుంటారంట. కొనేవాడు వంటిల్లు కన్నా ముందు ఆ నిధి ఖాతా అడుగుతాడంట! ఇంత జాగ్రత్తపడ్డా 2023 లెక్కల్లో ఆ దేశంలో 90 లక్షల ఇళ్ళు ఖాళీగా తేలాయి. "చూశావా, జాగ్రత్తపడి ఏం లాభం?" అన్నాను. వాడు ఏదో చెప్పబోయి, సిగ్నల్ సరిగా లేదని పెట్టేశాడు.

మా అసోసియేషన్‌కు నిధి లేదు. నిధి ఉంటే దొంగతనం జరుగుతుందని మొదటి సెక్రటరీ ముందుచూపుతో పెట్టలేదు. ఫ్లాటుకు నెలకు వెయ్యి వసూలవుతుంది, వాచ్‌మన్ జీతం, మోటారు కరెంటు పోగా కొబ్బరికాయకు మిగులుతుంది. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం ఉమ్మడి భాగాలు అందరివీ. మా దగ్గర ఆచారం వేరు. మేడ పైకప్పు కారితే అది పై అంతస్తు వాళ్ళ బాధ. సంపు నిండి పొర్లితే కింద అంతస్తు వాళ్ళ బాధ. లిఫ్టు ఆగితే మధ్యలో ఉన్న ముసలాళ్ళ బాధ. రెండేళ్ళ కింద వాటర్‌ప్రూఫింగ్‌కు తలా ముప్పై వేలు వేద్దామంటే, మొదటి అంతస్తు ఆయన లేచి, "వాన మా ఇంట్లోకి రాదండీ, మేమెందుకు ఇవ్వాలి?" అన్నాడు. న్యాయమే అనిపించింది. నాది రెండో అంతస్తు. ఆయన తర్వాత నేనూ లేచాను.

మొత్తం పడగొట్టి కొత్తగా కట్టుకుందామా అంటే, జపాన్ చట్టంలో ఐదింట నాలుగు వంతులు ఒప్పుకుంటే చాలంట. మాకు పద్దెనిమిది సంతకాలు కావాలి. ఇద్దరు అమెరికాలో ఉన్నారు. ఒకాయన పోయి ముగ్గురు కొడుకులూ కోర్టులో ఉన్నారు. ఒకావిడ ఏ కాగితం మీదా సంతకం చెయ్యనని ఒట్టు పెట్టుకుంది. భర్త చివరి సంతకంతోనే ఇంకో ఇల్లు పోయిందంట. ఆమెను ఏమీ అనలేం.

ఎక్కడ కొనాలంటే శంకుస్థాపన రాయి పడ్డ చోట. దుగరాజపట్నంలో పెద్ద ఓడరేవు కడతామని 2014 విభజన చట్టంలోనే రాశారు, తొలి దశ 2018కల్లా అన్నారు. దగదర్తి విమానాశ్రయానికి 2019లోనే రాయి వేశారు. రామాయపట్నం రేవుకు 2022 జూలైలో వేశారు. చట్టంలో ఉంది కదా అని దుగరాజపట్నం వైపు నేను కూడా బయానా ఇవ్వబోయాను. ఓడ మాత్రం రాలేదు. కృష్ణపట్నం నిజంగానే వచ్చింది, 2008 నుంచి ఓడలు వస్తున్నాయి. ఆ ఊపులోనే నేను ముత్తుకూరు ఫ్లాటు కొన్నాను. థర్మల్ ప్లాంట్లు కట్టినన్నాళ్ళు ఇంజినీర్లు, ఫోర్‌మన్లు ఎంతంటే అంత బాడుగ ఇచ్చారు. ప్లాంటు కట్టడం అయిపోతే కట్టేవాళ్ళు వెళ్ళిపోతారన్న ముక్క అప్పుడు తట్టలేదు. ఇప్పుడక్కడ పొగగొట్టం నా బాల్కనీలోంచి చాలా అందంగా కనిపిస్తుంది. బాల్కనీలోకి అడుగు పెట్టొద్దని ఇంజినీరు కుర్రాడు చెప్పాడు గానీ, గుమ్మంలోంచి కూడా కనిపిస్తుంది.

బాడుగ లెక్క అడిగావు కదా. పొగతోటలో చుట్టూ ఆస్పత్రులే, నర్సులు, రిప్రజెంటేటివులు అద్దెకు దిగుతారు. నెలకు 9 వేలు. ఫ్లాటుకు 28, రిజిస్ట్రేషన్ ఖర్చు, పైపులూ వైర్లూ మార్చడం కలిపి 33 లక్షలకు దగ్గర. ఏడాదికి రెండు నెలలు ఖాళీ, ఇంటిపన్ను, సున్నాలు, బ్రోకరుకు ఒక నెల బాడుగ, అన్నీ పోగా 65 వేలు చేతికొస్తాయి. నూటికి రెండు రూపాయలు కూడా లేవు. బ్యాంకు ఎఫ్‌డీలో దీనికి మూడింతలు వస్తుందని మా ఆవిడ అంటుంది. ఎఫ్‌డీకి ఎవరైనా 'ఓనర్ గారూ' అని ఫోన్ చేస్తారా? రాత్రి పదకొండింటికి ఫ్లష్ ట్యాంకు లీకవుతోందని పిలుస్తారా?

అమ్మే సంగతి చెప్పడం మరిచిపోయాను. రెండూ అమ్మకానికి పెట్టి నాలుగేళ్ళయింది. వచ్చినవాళ్ళలో ఇద్దరు బ్యాంకు లోను అన్నారు, బ్యాంకు ఇంజినీరు బిల్డింగు వయసు చూసి మళ్ళీ రాలేదు. ఒకడు సుత్తి తెచ్చాడు. ఎవరు చెప్పారో తెలీదు, ఈ కాలం కుర్రాళ్ళకు మర్యాద లేదు.

మొన్న మొహర్రానికి బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగకు పోయాం. స్వర్ణాల చెరువులో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు పుచ్చుకుంటారు. నీకోసం మా అక్క విదేశీ రొట్టె పట్టుకున్నది ఈ చెరువులోనే అల్లుడూ. నేను పొగతోట ఫ్లాటుకు ముందు గృహ రొట్టె పట్టుకున్నది కూడా ఇక్కడే. ఈసారి నీళ్ళలో అటూ ఇటూ తిరిగి, "అమ్మకం రొట్టె ఎవరి దగ్గరన్నా ఉందా?" అని అడిగాను. ఉద్యోగం ఉంది, పెళ్ళి ఉంది, ఆరోగ్యం ఉంది, అది మాత్రం లేదన్నారు. చివరకు గూడూరు నుంచి వచ్చిన ముసలాయన ఒకాయన బుట్టలో చెయ్యి పెట్టి, "ఇల్లు రొట్టె ఒకటి మిగిలింది సామీ, కావాల్నా?" అన్నాడు.

నాకు తెలియకుండానే చెయ్యి చాచాను. మా ఆవిడ నా చొక్కా పట్టుకొని గట్టుకు లాగింది.